పాత షెవర్లే సి-10కి పీవోఆర్-15: చాసీకి పూయండి, బయటి బాడీకి వద్దు

1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సి-10 పికప్‌ను ఇంటి గరాజ్‌లో విప్పి బాగుచేసుకునేవాళ్ళు మొదట కొనే డబ్బాల్లో పీవోఆర్-15 అనే తుప్పు నిరోధక పూత ఒకటి. అసలు తీర్పు ముందే చెప్పేస్తున్నాం. చాసీకి, ఫ్లోర్ అడుగుకి, బెడ్ కింది క్రాస్ మెంబర్లకి (అడ్డ దూలాలకి) బ్రష్‌తో పూసుకునే పూతల్లో ఇంత గట్టిది దొరకడం కష్టం. తలుపులు, ఫెండర్లు, బానెట్ లాంటి ఎండ తగిలే నున్నటి రేకుకి మాత్రం ఇది సరైన ఎంపిక కాదు. ఇక చిల్లులు పడ్డ రేకును ఏ పూతా బతికించదు. దీన్ని తిట్టేవాళ్ళలో ఎక్కువమంది పూయకూడని చోట పూసినవాళ్ళూ, పూసేముందు చేయాల్సిన పని సగంలో వదిలేసినవాళ్ళూ.

ఇది మామూలు ఎనామిల్ లాంటిది కాదు. తేమతో గట్టిపడే యూరెథేన్. గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకుని, దానితో చర్య జరిపి గట్టిపడుతుంది. ఆ చర్యలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పల్చగా పూస్తే ఆ వాయువు బయటికి పోతుంది. మందంగా పూస్తే పైపొర ముందే బిగుసుకుని, లోపల వాయువు చిక్కి, పూత నిండా బుడగలొస్తాయి. దీన్ని వాడేటప్పుడు పాటించాల్సిన సగం నియమాలు ఈ ఒక్క సంగతిలోంచే వస్తాయి. గట్టిపడ్డాక మాత్రం నీటినీ ఆక్సిజన్‌నూ బాగా అడ్డుకుంటుంది. మన టింకరింగ్ షెడ్లలో రేకుకి కొట్టే రెడ్ ఆక్సైడ్‌లోంచి నెమ్మదిగా తేమ దిగుతుంది. అందుకే పైన రంగు వేయకుండా వదిలేసిన రెడ్ ఆక్సైడ్ కింద వానాకాలం గడిచేసరికి తుప్పు మళ్ళీ మొదలవుతుంది.

ఈ బండిలో తుప్పు ఎక్కడెక్కడ పడుతుందో ముందే తెలుసు కాబట్టి డబ్బా మూత తీసేముందు ఆ చోట్లన్నీ వెతకాలి. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే కౌల్ జల్లెడలోంచి ఆకులు లోపలికి రాలి, కుళ్ళి, తడిని పట్టి ఉంచుతాయి. ఆ నీరు కిక్ ప్యానెళ్ళలోకి (కాళ్ళ దగ్గరి పక్క రేకుల్లోకి), అక్కణ్ణుంచి ఫ్లోర్ ముందు మూలల్లోకి దిగుతుంది. క్యాబ్ ముందు మౌంట్లు పోవడానికి కారణం ఇదే. ముందు చక్రం ఎగజిమ్మిన బురద ఫెండర్ వెనక అంచున పేరుకుని, కింది రేకును లోపలి నుంచి తినేస్తుంది. తలుపుల కిందుండే రాకర్ ప్యానెళ్ళు, క్యాబ్ వెనక కింది మూలలు రెండూ మూసిన పెట్టెల్లాంటివి. వాటిలోకి చేరిన మట్టి నీరు పోయే కంతల్ని మూసేశాక లోపల తడి ఎప్పటికీ ఆరదు. పైకప్పు అంచున డ్రిప్ రెయిల్‌లో అతుకును మూసే సీమ్ సీలర్ ఎండి పగిలితే నీరు ఆ చీలికలోకి దూరుతుంది. చాసీ సంగతికొస్తే, రివెట్లతో బిగించిన క్రాస్ మెంబర్లు చాసీ పొడవునా ఉండే ఛానెల్‌ను తాకే చోట రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బుతుంది. మిషిగన్, ఒహాయో లాంటి మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే అక్కడ ఇంకా జాగ్రత్తగా చూడాలి.

చూడటమంటే కళ్ళతో చూడటం కాదు. మొనదేలిన సూది ఉలితో గట్టిగా పొడవాలి, చిన్న సుత్తితో తట్టాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పోయిన ఇనుము దబ్బుమంటుంది. ఉలి దిగిందంటే ఆ ముక్క కోసి పారేయాల్సిందే, పూతతో పని లేదు. రాకర్లూ క్యాబ్ మూలలూ కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా పైపులు వెల్డ్ చేసి క్యాబ్‌ను బిగించండి. లేకపోతే క్యాబ్ ఒరిగిపోయి, కొత్త రేకు అతికాక తలుపు మూతపడదు. ప్యాచ్‌కి 18 గేజ్ రేకు, మిగ్ వెల్డర్‌లో 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సరిపోతాయి. వరసగా గీత గీసినట్టు వెల్డ్ చేస్తే వేడికి రేకు వంకర్లు పోతుంది. అంగుళానికో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్య ఖాళీలు పూడ్చుకుంటూ పోవాలి. వెల్డింగ్ అంతా అయ్యాకే పీవోఆర్-15 దగ్గరికి రావాలి. పూత ఉన్న చోట వెల్డ్ చేస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకి ప్రమాదకరం, వెల్డ్ కూడా గుల్లగా వస్తుంది.

ఇక తయారీ. కంపెనీ దీన్ని మూడు అంచెలుగా అమ్ముతుంది: జిడ్డు తీసే క్లీనర్, మెటల్ ప్రెప్ అనే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణం, ఆ తర్వాత పూత. మొదటిదాని బదులు మంచి డీగ్రీజర్ ఏదైనా వాడుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం వదిలేయొద్దు.

యాభై ఏళ్ళ చాసీ మీద, ముఖ్యంగా ఇంజన్ కిందా స్టీరింగ్ బాక్సు దగ్గరా, గ్రీజూ మట్టీ కలిసి బెల్లం పాకంలా గట్టిపడి ఉంటాయి. ముందు దాన్ని పుట్టీ కత్తితో గీకేయాలి. గీకకుండా వైర్ వీల్ తిప్పితే ఆ జిడ్డు కరిగి ఇనుము రంధ్రాల్లోకి ఇంకా లోతుగా పాకుతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. జిడ్డు తీయడం ముందు, తుప్పు గీకడం తర్వాత. క్లీనర్‌ను వెచ్చని నీళ్ళలో కలిపి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, కడిగి, నీళ్ళు చల్లి చూడండి. నీరు చదునుగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ముత్యాల్లా విడిపోతే ఇంకా జిడ్డుంది, మళ్ళీ రుద్దాల్సిందే.

తర్వాత గ్రైండర్‌కి ముడి తీగల వైర్ కప్పు పెట్టి, పొట్టు లేచే తుప్పంతా తీసేయాలి. గట్టిగా అంటుకుని, వేలితో రుద్దితే పొడి రాలని తుప్పు ఉండొచ్చు, దాన్ని పూత పట్టుకుంటుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వైర్ కప్పు ఎక్కువసేపు తిప్పితే తుప్పు తీయడం మాని ఇనుమును నునుపు చేస్తుంది, అద్దంలా మెరుస్తుంది. చూడటానికి అందంగా ఉంటుంది కానీ పూతకి పట్టు దొరకదు. మెరిసే చోటల్లా 80 నంబరు పేపర్‌తో గీతలు పడేలా రుద్దాలి. పాత రంగు గట్టిగా ఉన్న చోట్ల కూడా ఇంతే.

మెటల్ ప్రెప్‌ను స్ప్రే సీసాతో కొట్టి, ఆ భాగం ఇరవై నిమిషాలైనా తడిగా ఉండేలా మళ్ళీ మళ్ళీ కొడుతూ ఉండాలి. మధ్యలో ఆరిపోతే జిగురు మరకలు మిగులుతాయి. మళ్ళీ తడిపి రుద్దితే పోతాయి. తర్వాత నీళ్ళతో కడిగేయాలి. ఆరాక దగ్గరగా చూస్తే, ఎర్రటి గుంటలు నల్లబడి, వాటి చుట్టూ ఇనుము మీద బూడిద రంగు తెల్లటి పొర పరుచుకుని ఉంటుంది. అది జింక్ ఫాస్ఫేట్. పూతకి పట్టునిచ్చేది అదే కాబట్టి తుడిచేయకండి. వదులుగా ఉన్న తెల్లపొడి మాత్రం పొడిగుడ్డతో దులపండి.

ఆరబెట్టడం అనుకున్నదానికన్నా పెద్ద పని. ఛానెల్ పైభాగం గంటలో ఆరుతుంది. రివెట్ల చుట్టూ, రెండు రేకులు కలిసే అతుకుల్లో నీరు మర్నాటి దాకా ఉంటుంది. కంప్రెసర్ గాలితో అతుకులన్నీ ఊదాలి, హీట్ గన్ చూపించాలి, రాత్రంతా ఫ్యాన్ పెట్టాలి. అతుకులో తడి మీద పూస్తే అక్కడే బుడగలొచ్చి, అక్కణ్ణుంచే ఊడటం మొదలవుతుంది. హ్యూస్టన్‌లో ఎండాకాలం గరాజ్ అయినా, విశాఖ తీరంలో షెడ్డు అయినా ఉక్కపోతలో ఇనుము మీద కంటికి కనపడని చెమ్మ పేరుకుంటుంది. పెయింటింగ్ రంగంలో అందరూ పాటించే లెక్క ఒకటుంది: ఇనుము ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని ఆవిరి చెమ్మగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి. పొద్దున్నే చాసీ చల్లగా ఉన్నప్పుడు గరాజ్ తలుపు తీస్తే బయటి వేడి గాలి తగిలి చెమ్మ పడుతుంది. అందుకే పూసే పని పొద్దెక్కాక మొదలుపెట్టడం మేలు.

పూసేటప్పుడు డబ్బాను ఊపకండి. ఊపితే గాలి కలిసి నురుగొస్తుంది. కర్రతో నెమ్మదిగా కలపాలి. వాడుకునేంత మేరకే చిన్న గిన్నెలోకి ఒంపుకుని, వెంటనే డబ్బా మూసేయాలి. బ్రష్ నేరుగా డబ్బాలో ముంచితే తేమా తుప్పు రేణువులూ లోపలికి చేరి మొత్తం పాడవుతుంది. గిన్నెలో మిగిలింది తిరిగి డబ్బాలో పోయకూడదు. బ్రష్ చవకైన రెండంగుళాలది చాలు, పని అయ్యాక పారేయాల్సిందే. మొదటి పూత ఎంత పల్చగా వేస్తే అంత మంచిది. కింద అంచున బొట్లు వేలాడుతుంటే వెంటనే బ్రష్‌తో లాగేయండి. ఆ బొట్టు గట్టిపడ్డాక గీకడం తలనొప్పి.

రెండో పూతకి గడియారం కన్నా వేలు నమ్మకం. చేతి తొడుగుతో తాకితే రంగు అంటకూడదు, కానీ వేలు కాస్త పట్టినట్టు లాగాలి. వాతావరణాన్ని బట్టి రెండు గంటల నుంచి ఆరు గంటల లోపు ఆ స్థితి వస్తుంది. అప్పుడు వేస్తే రెండు పూతలూ ఒకటైపోతాయి. అది దాటి పూర్తిగా గట్టిపడిందంటే మర్నాడు మొత్తం 220 నుంచి 320 నంబరు పేపర్‌తో మెరుపు పోయేలా రుద్ది గానీ రెండోది వేయకూడదు. రుద్దకుండా వేసిన రెండో పూత పొరగా లేచిపోతుంది. మొదటి పూతకి నలుపు, రెండోదానికి బూడిద రంగు తీసుకుంటే ఎక్కడ తప్పిపోయిందో ఇట్టే కనపడుతుంది. సి-ఛానెల్ లోపలి మూలల్లో ఇది చాలా ఉపయోగం. వెండి రంగు రకంలో లోహపు పొడి ఉంటుంది, గుంటలు ఎక్కువున్న ఇనుముకి మొదటి పూతగా అది బాగా పనికొస్తుంది. పూర్తిగా గట్టిపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. అప్పటిదాకా బరువైన భాగాలు బిగించకపోవడం మంచిది.

ఎంత కొనాలి? సి-10 చాసీ ఛానెళ్ళు రెండూ సుమారు 15, 16 అడుగుల పొడవు. లోపలా బయటా అన్ని వైపులూ కలిపితే అడుగు పొడవుకి దాదాపు రెండు చదరపు అడుగులు తేలుతుంది. క్రాస్ మెంబర్లు, వెనక యాక్సిల్‌ను చాసీకి కలిపే ట్రెయిలింగ్ ఆర్ములు కలుపుకుంటే 90 నుంచి 100 చదరపు అడుగుల పని. ఒక క్వార్ట్ డబ్బా, అంటే 946 మిల్లీలీటర్లు, ఒక పూతకి అంత మేర వస్తుంది. కాబట్టి రెండు పూతలకి రెండు క్వార్టులు. గ్యాలన్ చవకని కొంటే నష్టపోతారు. ఒకసారి గాలి తగిలిన పీవోఆర్-15 డబ్బాలోనే గట్టిపడటం మొదలెడుతుంది. ఫ్లోరూ బెడ్డూ వేరే నెలలో చేసేవాళ్ళకి ఆరు చిన్న డబ్బాల పెట్టె మేలు, ఒకటి తీసి ఒకటి ముగించొచ్చు. క్వార్ట్ మూత గాడిలో ఒక్క చుక్క పడినా మూత అతుక్కుపోయి, డబ్బా చింపాల్సి వస్తుంది. గాడి తుడిచి, మూతకీ డబ్బాకీ మధ్య ప్లాస్టిక్ కవర్ పరిచి మూయండి.

పూత ఊడితే ఊడిన పెచ్చును తిప్పి వెనక వైపు చూడండి, కారణం అక్కడే ఉంటుంది. వెనక ఎర్రపొడి అంటుకుని ఉంటే వదులు తుప్పు సరిగా తీయలేదు. అద్దంలా శుభ్రంగా ఉంటే కింది ఇనుము మరీ నున్నగా ఉంది, గరుకు చేయలేదు. జిడ్డుగా, మబ్బుగా ఉంటే డీగ్రీజర్ పని పూర్తి కాలేదు. పెచ్చులో తేనెతుట్టెలాంటి కంతలుంటే తడి మీద పూశారు, లేదా మందంగా పూశారు. దేన్ని సరిచేయాలో తెలియకుండా దాని మీదే మళ్ళీ పూసుకుంటూ పోవడం వల్ల ఉపయోగం లేదు.

ఎండకి ఇది నిలవదు. అతినీలలోహిత కిరణాలకి నలుపు వెలిసి, తెల్లపొడిలా అవుతుంది. రక్షణ పోకపోయినా అందం పోతుంది. బండి కింద దాగి ఉండే చాసీకి పైపూత అవసరం లేదు. ముందు బంపర్ బ్రాకెట్లు, చాసీ ముందు కొసలు లాంటి ఎండ తగిలే భాగాలకి మాత్రం పైన చాసీ బ్లాక్ అనే నల్ల రంగు వేసుకోవాలి. ఆ పైపూత కూడా వేలు లాగే దశలో వేస్తే బాగా పట్టుకుంటుంది. బయటి బాడీ రేకుకి దీన్ని వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. నున్నగా శుభ్రం చేసిన రేకు దీనికి అసలు నప్పదు. అక్కడ రెండు భాగాలు కలిపి కొట్టే ఎపాక్సీ ప్రైమర్ చాలా మేలు. దానిమీద పుట్టీ, రంగు అన్నీ పడతాయి.

ఆరోగ్యం విషయంలో కంపెనీ చెప్పే జాగ్రత్తల్ని తేలిగ్గా తీసుకోకండి. ఇందులో ఐసోసయనేట్లున్నాయి, ఇవి తేమతో చర్య జరిపి పూతను గట్టిపరిచే రసాయనాలు. వీటికి శరీరం ఒకసారి అలర్జీ పెంచుకుంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా వస్తుంది, అది తగ్గేది కాదు. బ్రష్‌తో పూసేటప్పుడు గరాజ్ తలుపులు తెరిచి, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోవాలి. స్ప్రే చేయాలంటే బయటి నుంచి గాలి అందించే మాస్క్ తప్పనిసరి, అది లేనివాళ్ళు ఇంట్లో స్ప్రే చేయకూడదు. చేతికంటితే వెంటనే థిన్నర్ గుడ్డతో తుడవాలి. ఆరాక ఏ ద్రావకానికీ రాదు, చర్మం రాలేదాకా ఉంటుంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పాత పెయింట్ గీకేటప్పుడు మాస్క్‌కి సన్నటి ధూళిని ఆపే పీ100 ఫిల్టర్ వాడండి, పిల్లల్ని గరాజ్‌లోకి రానివ్వకండి.

పూయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఎర్త్ తీగలు బిగించే చోట్లు ముందే టేపుతో కప్పాలి. కప్పకపోతే లైట్లు మసకబారడం, స్టార్టర్ నెమ్మదిగా తిరగడం లాంటి కరెంటు తలనొప్పులొస్తాయి. ముందు సస్పెన్షన్ క్రాస్ మెంబర్ ఛానెల్‌కి బోల్టులతో కూర్చునే ముఖాలు, కంట్రోల్ ఆర్మ్ షాఫ్ట్ కూర్చునే ముఖాలు కూడా కప్పాలి. అక్కడ మందపు పూత ఉంటే బోల్టు బిగువు తగ్గి, వీల్ అలైన్‌మెంట్ కదులుతుంది. బ్రేక్ రబ్బరు గొట్టాలు, గ్రీజ్ నిపుల్స్, మరలు, చాసీ మీద కొట్టిన నంబర్లు వదిలేయండి. రాకర్లలో నీరు పోయే కంతలు పూడ్చకండి. ఆ మూసిన పెట్టెల లోపల పీవోఆర్-15 ఎలాగూ సమంగా అందదు. అక్కడికి పొడవాటి గొట్టం ఉన్న క్యావిటీ మైనం, లేదా లానోలిన్‌తో చేసిన ఫ్లూయిడ్ ఫిల్మ్ కొట్టడమే సరి.

పోటీ సరుకులో మ్యాగ్నెట్ పెయింట్స్ వాళ్ళ ఛాసిస్ సేవర్ ఇదే రకపు యూరెథేన్, నియమాలూ దాదాపు ఇవే. ఈస్ట్‌వుడ్ రస్ట్ ఎన్‌క్యాప్సులేటర్ వాడటం తేలిక, స్ప్రే డబ్బాలో దొరుకుతుంది, కానీ రాళ్ళ దెబ్బకి ఇంత గట్టిది కాదు. టానిక్ ఆమ్లపు కన్వర్టర్లు తుప్పును నల్లగా మారుస్తాయి, పైన రంగు లేకపోతే ఎక్కువ కాలం నిలవవు. కీలు, బ్రాకెట్లు, పెడల్ ముక్కల్లాంటి చిన్న భాగాలకైతే ఇవాపో-రస్ట్‌లో ముంచి వదిలేయడం హాయి. అది ఆమ్లం కాదు, తుప్పును మాత్రమే తీసి ఇనుమును ముట్టుకోదు.

మార్పులు చేయాలనుకునేవాళ్ళు పూతకి ముందే అన్నీ తేల్చుకోవాలి. క్యాబ్‌లో సీటు వెనకున్న పెట్రోల్ ట్యాంకును తీసి బెడ్ కిందకి మార్చడం ఈ బండికి చేయదగ్గ మొదటి మార్పు, భద్రతకి చాలా మంచిది. దాని బ్రాకెట్ల కంతలు పూతకి ముందే పొడవాలి. 1971లో ముందు డిస్క్ బ్రేకులు ప్రామాణికంగా వచ్చాయి. అంతకుముందు బండికి 1971, 72 నాటి క్రాస్ మెంబర్‌ను మొత్తంగా మార్చుకోవచ్చు. చక్రానికి ఆరు బోల్టుల బదులు ఐదు బోల్టులవుతాయి కాబట్టి వెనక యాక్సిల్ సంగతి కూడా చూసుకోవాలి. బండి కిందకి దించేవాళ్ళు వెనక ఎక్కువ దించితే యాక్సిల్ చాసీని కొట్టకుండా ఛానెల్‌లో సి-నాచ్ (సి ఆకారపు గాడి) కోయాలి. యాక్సిల్ పక్కలకి కదలకుండా పట్టే ప్యానార్డ్ బార్ పొట్టిది కాబట్టి యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది, సర్దుకునే బార్ వేయాలి. ఈ వెల్డింగూ డ్రిల్లింగూ అయ్యి, అన్నీ ఒకసారి పొడిగా బిగించి చూసుకుని, మళ్ళీ విప్పాకే డబ్బా తెరవండి. తర్వాత కంత పొడవాల్సి వస్తే దాని అంచును 80 నంబరు పేపర్‌తో గరుకు చేసి, మెటల్ ప్రెప్ రాసి, కడిగి ఆరబెట్టి, చిన్న బ్రష్‌తో రెండుసార్లు పూయండి. అంచున కనపడే ఇనుము వదిలేస్తే తేమ అక్కణ్ణుంచి పూత కిందకి పాకుతుంది.